ఒక్క అక్షరం తేడా

అనువాదకుని అహంకారం ఎక్కడ భంగపడుతుందో ముందుగా చెప్పలేము. నాకు అది ఒక ఆయిలు సీసా దగ్గర భంగపడింది.

టెక్సాస్‌లో స్థిరపడిన మా తమ్ముడు 2017 నాటి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. దానిది ఆటోమేటిక్ గేర్‌బాక్సు. అందులో ఆయిలు మార్చదలచి, రెండు సీసాల ఫోటోలు పంపి నాకు ఫోను చేశాడు. ఒకదానిపై ‘మెర్కాన్ ఎల్‌వి’ అనీ, రెండవదానిపై ‘మెర్కాన్ యుఎల్‌వి’ అనీ ఉంది.

“అన్నయ్యా, తేడా ఒక్క అక్షరమే. మొదటిది చవక. అదే పోసేస్తే ఏం?” అన్నాడు.

మొదటిదానికి అర్థం తక్కువ చిక్కదనం. రెండవదానికి మరీ తక్కువ చిక్కదనం. తరతమ భేదమే కదా అనుకొని, “పోసెయ్యరా” అన్నాను.

అదృష్టవశాత్తూ వాడు నా పాండిత్యాన్ని నమ్మలేదు. బండితో వచ్చిన పుస్తకం తెరిచాడు. ఆ ఏడాది అదే పేరుతో వచ్చిన ట్రక్కులలో కొన్నింటికి ఆరు గేర్లు, కొన్నింటికి పది. ఆరు గేర్లవాటికి ఎల్‌వి, పది గేర్లవాటికి యుఎల్‌వి మాత్రమే పోయాలి. వాడిది పది గేర్లది. హితం ముందు ‘అ’ చేరితే అహితమవుతుందని ఇతరులకు చెప్పే నేను, ఎదుట ఉన్న ‘యు’ను లెక్కచేయలేదు! నా మాట విని ఉంటే, గేర్‌బాక్సు చెడి వేల డాలర్లు వదిలేవి.

ఇంతకూ ఆయిలుకు ఇంత పట్టింపు ఎందుకు? ఈ ద్రవం కేవలం కందెన కాదు. టార్క్ కన్వర్టరులో ఇంజను శక్తిని అందించేది, ఒత్తిడిని చేరవేసి గేర్లు మార్చేది, వేడిని మోసుకుపోయేది ఇదే. అన్నింటికంటె ముఖ్యంగా, క్లచ్ ప్లేట్లు ఎంత జారి ఎంత పట్టాలో నిర్ణయించేదీ ఇదే.

వెనుకటి ఫోర్డ్ బండ్లలోని ‘టైప్ ఎఫ్’ ప్లేట్లను చప్పున, గట్టిగా పట్టించేది. జనరల్ మోటార్స్ వారి ‘డెక్స్రాన్’ మెత్తగా పట్టించేది. డెక్స్రాన్ కోరే బండిలో టైప్ ఎఫ్ పోస్తే గేరు మారినప్పుడల్లా కుదుపు. టైప్ ఎఫ్ కోరే బండిలో డెక్స్రాన్ పోస్తే ప్లేట్లు జారి మాడిపోయే ప్రమాదం. రెండింటి రంగూ ఎరుపే. కనుక రంగు చూసి ఎన్నుకోరాదు. ఆ మెత్తదనం కోసం ఒకప్పుడు స్పెర్మ్ తిమింగిలాల నూనె కలిపేవారంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1970ల ఆరంభంలో అమెరికా దానిని నిషేధించిన పిమ్మట, కృత్రిమ రసాయనాలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

ఎన్నుకొనేవారు మొదట చూడవలసినది బండి పుస్తకం. మోడలు, సంవత్సరం మాత్రమే చాలవు. గేర్‌బాక్సు ఏదో కూడా తెలియాలి. తరువాత సీసా మీది మాటలు. ‘ఆమోదం పొందినది’ అంటే బండి తయారీదారు పరీక్షించి అనుమతి ఇచ్చాడని అర్థం. ‘వాడుటకు అనువైనది’ అంటే ఆయిలు అమ్మేవాడు తానే చెప్పుకుంటున్నాడని అర్థం. రెండవది అబద్ధమే కానక్కరలేదు. కాని హామీ ఎవరిదో మారిపోయింది.

పాత పేర్లతోనూ జాగ్రత్త అవసరం. ‘డెక్స్రాన్-3’కు అనుమతులివ్వడం జనరల్ మోటార్స్ 2006తో ఆపివేసింది. నేడు సీసాపై ఆ పేరున్నా, వెనుక ఆ సంస్థ పరీక్ష లేదు. 2005లో వచ్చిన ‘డెక్స్రాన్-6’ను డెక్స్రాన్ కోరే ఆ సంస్థ పాత గేర్‌బాక్సులలో పోయవచ్చు, పాతదానిని కొత్తవాటిలో పోయరాదు.

మన రోడ్లపైనా ఆటోమేటిక్ బండ్లు పెరుగుతున్నాయి. మెకానిక్ “అన్నీ ఒకటేనండీ” అంటే, పుస్తకం తెచ్చి చూపమనండి. ఆ మాట అన్నవాడు నావంటి ఇంగ్లీషు పట్టభద్రుడైతే, మరీ తప్పక చూడండి.