కొనదగిన కెమెరా, కొనరాని చూపు

దసరా, దీపావళి సమీపించగానే వస్త్రాల అంగళ్ళ వలెనే కెమెరాల అంగళ్ళు కూడ వెలలు తగ్గించినామని చాటింపు వేస్తవి. కొత్త నమూనా వచ్చినదనీ, పాతది ఇచ్చి కొత్తది తీసుకొనవచ్చుననీ, సొమ్ము వాయిదాల మీద చెల్లింపవచ్చుననీ ప్రకటనలు వెలువడుతవి. వీటిని ఆశగా చదివేవారిలో చాలమంది విద్యార్థులు. ఇంకను సంపాదన లేనివారు. కొనేది కొడుకు, వాయిదాలు కట్టేది తండ్రి. కళాశాల రుసుముకు సరిపడే సొమ్మును యంత్రానికి పోసి, దానిని నాలుగు పెండ్లిండ్లలోను రెండు విహారయాత్రలలోను వాడి, ఆపైన బీరువాలో భద్రపరచడం మన మధ్య అరుదైన సంగతి కాదు. కనుక ఇది కేవలం సరదాకు సంబంధించిన విషయం కాదు. తలిదండ్రులూ ఉపాధ్యాయులూ కూడ ఆలోచింపవలసిన విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పుతాను. ఏమి చిత్రింపదలచినామో మొదట నిర్ణయించుకొని, అందుకు తగిన యంత్రాన్ని తరువాత వెదకవలెను. మనలో పెక్కుమంది ఈ వరుసను తలక్రిందులు చేస్తున్నారు. యంత్రం ఇల్లు చేరిన పిదప, దీనితో ఏమి చేయుదమా అని దిక్కులు చూస్తున్నారు.

పూర్వులు అట్లా చూడలేదు. చూచే వీలు వారికి లేదు. మన హైదరాబాదుతో పేరు ముడిపడిన రాజా దీన్ దయాళ్‌నే తీసుకొనండి. 1844లో మీరట్ సమీపాన సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఆయన కెమెరా పట్టినాడు. తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పినాడు. ఆనాటి కెమెరా ఒక కర్రపెట్టె. దానికి ముక్కాలిపీట, నల్లగుడ్డ, గాజుపలకలు. ఒక చిత్రానికి ఒక పలక. పలక పాడైతే సొమ్మూ శ్రమా రెండూ వృథా. కోటగోడపై ఎండ ఏ వేళకు ఏటవాలుగా పడుతుందో, కొలువులో ఎవరు ఎక్కడ నిలువవలెనో ముందే ఆలోచించి గాని మూత తీయడానికి వీలు లేదు. ఆయన 1905లో గతించినాడు. ఆ గాజుపలకలలో రెండున్నర వేలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరినవి. యంత్రం పాతబడినది, ఆ చూపు పాతబడలేదు.

పిమ్మట యంత్రం తేలికపడుతూ వచ్చినది. అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ 1888లో కోడక్ కెమెరాను, ఆయన కంపెనీ 1900లో ఒక్క డాలరు వెలకు బ్రౌనీ కెమెరాను బజారుకు తెచ్చినవి. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో అమ్మకానికి వచ్చి, జేబులో పట్టే కెమెరాతో కూడ ఉత్తమ చిత్రాలు తీయవచ్చునని చూపినది. మన దేశంలో మధ్యతరగతి ఇండ్లలో ఒక తరంవారికి ఆగ్ఫా క్లిక్ త్రీ మొదటి కెమెరా. రీలుకు పన్నెండు బొమ్మలే. ఆ పన్నెండింటిని పండుగకు కొన్ని, పుట్టినరోజుకు కొన్ని అని పంచుకొని వాడుకొనేవారు. పేదరికం నేర్పిన పొదుపు అది. కాని ఆ పొదుపు వెనుక ఒక విచక్షణ ఉండేది.

1975లో స్టీవెన్ శాసన్ అనే ఇంజనీరు కోడక్ సంస్థలో తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మను క్యాసెట్టు మీదికి ఎక్కించడానికి 23 సెకండ్లు తీసుకున్నది. నేడు మన చేతిలోని ఫోను క్షణంలో పది బొమ్మలు తీస్తుంది. బొమ్మకు వెల లేకుండా పోయినది. వెల లేకపోవడం గొప్ప మేలే. బీదవాని బిడ్డకు కూడ ఛాయాగ్రహణం అందినది. కాని వెలతో పాటు ఆలోచన కూడ తొలగిపోయినదేమో అని శంక. వెయ్యి బొమ్మలు తీసి ఒక్కటీ మరల చూడనివాడు, పన్నెండు తీసి పన్నెండూ గుర్తుంచుకొన్నవాని కన్న ధనవంతుడని ఎట్లా అనగలం?

“మంచి యంత్రం లేనిదే మంచి బొమ్మ ఎట్లా వస్తుంది?” అని అడిగేవారు ఉన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత వారికి వెంటనే అప్పగించడం న్యాయం కాదు. ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓటిదై ఉండవచ్చును. నేలపట్టు చెట్లమీది గూడబాతును దూరాన నిలిచి ఫోనుతో తీస్తే చుక్క తప్ప పక్షి కనబడదు. దానికి పొడుగాటి టెలిఫోటో లెన్సు కావలసినదే. చీమ కన్ను చిత్రించడానికి మాక్రో లెన్సు కావలెను. అయితే ఈ ఉదాహరణలు నా మాటనే బలపరుస్తున్నవి. పక్షి కావలెనని నిశ్చయించుకొన్నవానికి ఏ లెన్సు కొనవలెనో తెలుసు. ఏమి కావలెనో తెలియనివానికి అంగడిలోని ప్రతి వస్తువూ అవసరంగానే తోస్తుంది. హెన్రీ కార్టియే-బ్రెసోన్ అనే ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు చిన్న లైకాతో, ఎక్కువగా 50 మిల్లీమీటర్ల లెన్సుతోనే జీవితమంతా పనిచేసినాడు. 1948లో గాంధీజీ చివరి దినాలను చిత్రించినవారిలో ఆయన ఒకడు. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమయి వ్యారవాలా చీరకట్టుతో బరువైన స్పీడ్ గ్రాఫిక్ కెమెరా మోసుకొని తిరిగి, స్వాతంత్ర్యపు తొలి సంవత్సరాల ఢిల్లీని మనకు మిగిల్చినది. వారిద్దరి యంత్రాలకూ పోలిక లేదు. ఏమి చూడవలెనో తెలియడం ఒక్కటే వారికి సమానం.

ఇక కొనదలచినవారికి ఉపకరించే నాలుగు మాటలు చెప్పుతాను. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనబడేది మెగాపిక్సెళ్ళ సంఖ్య. ఏ-4 కాగితమంత పటాన్ని అంగుళానికి 300 చుక్కల వంతున అచ్చు వేయడానికి సుమారు 87 లక్షల చుక్కలు చాలును. నేటి సామాన్యమైన కెమెరాలోనే 2 కోట్ల 40 లక్షలు ఉంటున్నవి. ఈ సంఖ్య కోసం అదనంగా సొమ్ము పోయడం పిడికెడు ధాన్యానికి పుట్టెడు గాదె కట్టడం వంటిది. వెలుతురు సంగతి వేరు. కెమెరాతో కలిపి ఇచ్చే జూమ్ లెన్సు, దూరపు కొసన, తరచు ఎఫ్/5.6కు మించి తెరచుకొనదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు వెల తక్కువే; కాని అది దానికన్న తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును లోనికి రానిస్తుంది. దీపాల వెలుగులో బతుకమ్మ ఆటను తీయదలచినవానికి ఈ తేడా ఎన్ని మెగాపిక్సెళ్ళకన్నా విలువైనది.

పాత కెమెరా కొనడం నామోషీ కాదు. 2018లో నికాన్, కెనాన్ కంపెనీలు ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలు విడుదల చేసిన తరువాత బజారు దృష్టి అటు మళ్ళినది. అద్దం గల పాత డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు అందుచేత చౌకగా దొరుకుతున్నవి. నేర్చుకొనేవానికి వాటిలో లోటు లేదు. అయితే లెన్సును వెలుతురుకు ఎదురుగా పట్టి బూజు ఉన్నదేమో చూడవలెను. తేమ ఎక్కువైన మన కోస్తా ఊళ్ళలో ఇది తరచు వచ్చే జబ్బు. షట్టరు ఎన్నిమార్లు పనిచేసినదో అడుగవలెను. బిల్లు లేని వస్తువు ఎంత చౌక అయినా తాకరాదు. కొన్న తరువాత గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి దాచడం మరువరాదు. మిగిలిన సొమ్ముతో ఒక బస్సు టిక్కెట్టు కొని పొరుగూరికి పోయి రావడం, తీసినవాటిలో మేలైన పదింటిని కాగితంపై అచ్చు వేయించడం మరింత లాభం.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటి ఉన్నది. ఛాయాగ్రహణాన్ని కెమెరా లేకుండానే బోధింపవచ్చును. తరగతి గది కిటికీలన్నిటినీ నల్లకాగితంతో మూసి, ఒక దానిలో చిన్న రంధ్రం చేయండి. బయటి ఆవరణ, చెట్టు, నడిచే మనిషి ఎదుటి గోడపై తలక్రిందులుగా ప్రత్యక్షమవుతవి. వెలుతురు తిన్నగా ప్రయాణిస్తుందన్న పాఠం పుస్తకంలో వాక్యంగా ఉండేది అప్పుడు గోడమీది అద్భుతమవుతుంది. పిమ్మట బడికంతా కలిపి ఒకే ఒక్క కెమెరా, పాతదైనా సరే, సమకూర్చండి. విద్యార్థికి వారం రోజుల గడువు ఇచ్చి, పన్నెండు బొమ్మలే తీయవలెనని నియమం పెట్టండి. ప్రతి బొమ్మ వెనుక ఎవరు, ఎక్కడ, ఏనాడు అన్నది వ్రాయించండి. వ్రాయని బొమ్మ యాభై ఏండ్ల తరువాత ఎవరిదో తెలియని ముఖమవుతుంది.

విషయాలకు కొదవ లేదు. కుమ్మరి సారె, నేతగాని మగ్గం గుంట, నూతిమీది గిలక, ఎద్దు గానుగ మన కండ్ల ఎదుటనే తరిగిపోతున్నవి. తెలంగాణ పల్లె జీవితాన్ని, బతుకమ్మ పండుగను ఏండ్ల తరబడి చిత్రించి 2022లో గతించిన భరత్ భూషణ్ వంటివారు కొందరు ఈ పనికి పూనుకున్నారు. కాని ప్రతి ఊరికీ ఒక భరత్ భూషణ్ రాడు. ప్రతి ఊరికీ ఒక బడి మాత్రం ఉన్నది. ఆ ఊరి ముసలివారి ముఖాలను, చేతివృత్తులను ఆ బడి పిల్లలు చిత్రింపకపోతే మరెవరూ చిత్రింపరు.

అంగడివాడు వెల తగ్గించగలడు, వాయిదాలు పొడిగించగలడు. చూపును మాత్రం తూచి ఇవ్వలేడు. అది అభ్యాసం వలన, ఓర్పు వలన, ఎదుటివారి పట్ల ప్రేమ వలన కలిగేది. ఈ పండుగకు కెమెరా కొనదలచిన విద్యార్థి ముందుగా ఒక కాగితం తీసుకొని, తాను చిత్రింపదలచిన పది విషయాలు వ్రాయుగాక. ఆ పట్టీ నిండినప్పుడు అంగడికి పోవచ్చును. నిండకపోతే, ఇంకొక సంవత్సరం చేతిలోని ఫోనుతోనే ఊరు తిరిగి చూచి రావడం మంచిది.