లేని ఇంటిపేరును గీతతో నింపొద్దు

మన వంశవృక్షాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని చివరికొచ్చింది. ఇప్పుడు పిల్లలు ఒక మాట అంటున్నారు. అందరి రికార్డూ ఒకేలా ఉండాలంట, ఇంటిపేరు తెలియని చోట చిన్న గీత పెట్టేద్దామంట, కోడళ్ళకైతే మొగుడి ఇంటిపేరే వేసేద్దామంట. నేను వద్దంటున్నాను. మదురై, కోయంబత్తూరు, హోసూరు వైపు ఇదే పని పెట్టుకున్న బంధువులు కూడా ఒకసారి వినండి.

మేము వాడుతున్నది మాంగోడీబీ. ఇందులో ఒక్కో మనిషికి ఒక్కో డాక్యుమెంట్. ఒకరి దాంట్లో పేరు, ఊరు, ఇంటిపేరు, గోత్రం అన్నీ ఉండొచ్చు, ఇంకొకరి దాంట్లో పేరొక్కటే ఉండొచ్చు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, అది పేచీ పెట్టదు. మన ఇళ్ళ కోసమే చేసినట్టుంది. తమిళనాడులో మన కాగితాల్లో ఇంటిపేరు ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి? బడి సర్టిఫికెట్లో పేరు ముందు ఒక ఇనిషియల్ ఉంటుంది, అది తండ్రి పేరుది. పెళ్ళయ్యాక చాలామంది ఆడవాళ్ళకు అదీ మారి మొగుడి పేరుది అవుతుంది. ఇంటిపేరు బతికేది పెద్దవాళ్ళ నోట్లోనే, అదీ పెళ్ళి సంబంధం మాట వచ్చినప్పుడు.

ఇంటిపేరు అంటే పుట్టిన ఇంటిది అని మేము పెట్టుకున్నాం, ఆడా మగా అందరికీ. ఇప్పుడు డేటాబేస్‌ని అడగొచ్చు: ఈ ఫీల్డ్ అసలు ఉన్న డాక్యుమెంట్లు ఏవి? దానికి డాలర్ ఎగ్జిస్ట్స్ అనే ఆపరేటర్ ఉంది. ట్రూ అంటే ఉన్నవి, ఫాల్స్ అంటే లేనివి. ఫాల్స్ పెట్టి అడిగితే మాకు వచ్చిన జాబితాలో ఎక్కువమంది ఈ ఇంటికి కోడళ్ళుగా వచ్చిన అవ్వలే. ఎవరూ వాళ్ళని అడగలేదు, అంతే.

ఇక్కడొక మెలిక ఉంది. ఫీల్డ్ ఉండి విలువ నల్ అయినా ఎగ్జిస్ట్స్ ట్రూలోకే వస్తుంది. ఇంటిపేరు నల్ ఉన్నవి ఇవ్వమని నేరుగా అడిగితే నల్ పెట్టినవీ వస్తాయి, ఫీల్డే లేనివీ వస్తాయి. నల్ పెట్టినవి మాత్రమే కావాలంటే డాలర్ టైప్ వాడాలి. అందుకే మేము తేడా పెట్టుకున్నాం: ఫీల్డ్ లేకపోతే ఇంకా అడగలేదని, నల్ ఉంటే అడిగాం, ఎవరికీ తెలియదని. గీత అలా కాదు, అది కూడా ఒక విలువే. ఖాళీ స్ట్రింగూ అంతే. నల్ కానివి అడిగినా దర్జాగా వచ్చి కూర్చుంటుంది. గీత పెట్టిన రోజున ఆ అవ్వ ఇంటిపేరు తెలిసినవాళ్ళ లెక్కలోకి పోతుంది, ఇంక ఎవరూ వెతకరు.

మొగుడి ఇంటిపేరు వేయడం ఇంకా చెడ్డది. గీతనైతే రేపు వెతికి తీసేయొచ్చు. ఇదేమో నిజమైన జవాబులాగే ఉంటుంది. ఒకే ఇంటిపేరంటే అన్నదమ్ముల వరస, పిల్లనివ్వరు, తీసుకోరు. అట్లాంటిది అవ్వకూ తాతకూ ఒకే ఇంటిపేరు రాసి పెడితే రేపు చదివే మనవళ్ళు ఏమనుకోవాలి?

పిల్లల ఇబ్బంది కూడా ఉత్తది కాదు. ఫీల్డ్ లేకపోతే ప్రింట్ తీసే ప్రోగ్రాం తడబడుతుంది. సరే, ఆ గీతను ప్రింట్‌లోనే వేయండి, డేటాలో వద్దు. అలాగే తమిళ కాగితాల నుంచి ఎత్తి రాసినవాటికి "తమిళ రూపం" అని ఇంకో ఫీల్డ్ పెడుతున్నాం. తమిళ లిపిలో కకీ గకీ ఒకే అక్షరం కదా, గుర్రం వారు కుర్రం వారు అయిపోతారు. ఆ ఫీల్డ్ ఉన్నవన్నీ పెద్దవాళ్ళతో సరిచూడాలి.

ఈ పొంగలికి ఫాల్స్ జాబితాను పుట్టిన సంవత్సరం వరసలో తీస్తున్నాం. పుట్టిన సంవత్సరం కూడా లేనివాళ్ళు ఆ వరసలో అందరికన్నా ముందొస్తారు, మాంగోడీబీ పద్ధతి అది. మాకదీ మంచిదే, మా ఇంట్లో వాళ్ళే అందరికన్నా పెద్దవాళ్ళు. వాళ్ళలో ఉన్నవాళ్ళని, లేనివాళ్ళకైతే వాళ్ళని ఎరిగినవాళ్ళని అడగాలి. "అవ్వా, నీ ఇంటిపేరేంది" అంటే మొగుడిదే చెప్తారు. "మీ నాయన వాళ్ళని ఏమోళ్ళు అనేవాళ్ళు" అని అడగండి.