ముందు బ్రేకు చూడు

మా పెద్దవాడు పోయిన వేసవిలో తాడేపల్లిగూడెంలో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి కొని, ఆటోలో ఏలూరు తెచ్చి మా వసారాలో దించాడు. ఈ బండి మన దేశములో 1985 నుండి 1996 వరకు తయారైంది. టూ స్ట్రోక్ ఇంజను 98 సీసీయే, 11 హార్స్ పవరే. అయినా బండి తేలిక గనుక నిలిచినచోటి నుండి ఒక్క దూకు దూకుతుంది. కుర్రవాళ్ల మోజంతా అందుకే.

రెండు నెలలు మా యింట కిరోసిను వాసనే! సిలిండరు బోరు చేయించాడు, కొత్త పిస్టను, రింగులు వేశాడు, సైలెన్సరులోని మసి కాల్చి దులిపాడు. వాడి ఓర్పు చూచి మేము సంతోషించాము, దాచనేల. (వాళ్లమ్మ మాత్రం తన పాత చీరలన్నీ నూనె గుడ్డలైనవని సణిగింది.)

ఒక సాయంకాలం వాడు స్నేహితునితో అన్న మాట మా చెవినబడింది: "కైకలూరు రోడ్డులో పావు మైలు పందెం వేద్దాంరా."

కొల్లేటి మీది ఆ రోడ్డు మీరెరుగుదురు. పక్కన నీళ్లు, ఎదురుగా చేపల లారీలు, దారిలో గేదెలు. మేము కేకలు వేయలేదు. ముందు చక్రం విప్పమన్నాము. డ్రమ్ము బ్రేకు లైనింగు కాగితమంత పలచన! పరుగెత్తించడానికి రెండు నెలలు పెట్టినవాడు ఆపడానికి ఒక్క గంట పెట్టలేదు.

"చూడలేదు నాన్నగారూ" అన్నాడు.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉన్నది. అక్కడ ఇట్టి 402 మీటర్ల పోటీలు నియమాలతో జరుగుతాయి. చూపిస్తామని మాట యిచ్చాము. కొత్త షూలు వేశాడు. తాళంచెవి మా దగ్గరున్నది. రైలు ఖర్చులకు కూడబెడుతున్నాము.