దేహంపై సమాజపు ముద్ర

ఒక మనిషి పొడగరి కావడానికీ పొట్టివాడు కావడానికీ వంశపారంపర్యం ప్రధాన కారణం కావచ్చుగానీ, ఒక దేశ ప్రజల సగటు ఎత్తే నాలుగైదు తరాల్లో గణనీయంగా మారినప్పుడు, అందుకు కారణాలను వారి తిండిలో, తాగునీటిలో, ఇళ్లలో, పనిభారంలో వెతకవలసి ఉంటుంది. ఫ్రెంచి వైద్యుడు విలెర్మే 1829లోనే సైనిక భర్తీ కొలతలను పరిశీలించి, మంచి ఆహారం, మంచి వసతి ఉన్నచోట మనుషులు త్వరగా, ఎక్కువగా ఎదుగుతారని తేల్చాడు.

దీనికి బలమైన నిదర్శనం నెదర్లాండ్స్. 19వ శతాబ్దం మధ్యలో సైనిక భర్తీకి వచ్చిన అక్కడి యువకుల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లే కాగా, 1980లో పుట్టిన పురుషుల సగటు దాదాపు 184కు చేరి, ఒకనాడు యూరప్‌లోని పొట్టివారి కోవకు చెందిన ఆ ప్రజలు ప్రపంచంలోనే అత్యంత పొడగరులయ్యారు. ఇంత స్వల్పకాలంలో జన్యువులు అంతగా మారవు. మారినవి 1853లో ఆమ్‌స్టర్‌డామ్‌కు గొట్టాల ద్వారా అందిన మంచినీరు, 1901 నాటి గృహనిర్మాణ చట్టం, పాలు, మాంసకృత్తులు పేదలకూ అందుబాటులోకి రావడం వంటి పరిస్థితులు.

తిండివల్ల వచ్చిన శక్తిలో ప్రాణధారణకు, శ్రమకు, రోగాలను ఎదుర్కోవడానికి పోగా ఎదుగుదలకు మిగిలేదాన్ని నికర పోషణ అంటారు. కలుషిత నీటివల్ల మాటిమాటికీ విరేచనాలు పట్టుకునే బిడ్డ కడుపునిండా తిన్నా ఎదగకపోవడానికి కారణం ఈ మిగులు లేకపోవడమే.

బరువు కథ మరింత చిక్కైనది. 1944–45 చలికాలంలో జర్మన్ ఆక్రమణ కింద పశ్చిమ నెదర్లాండ్స్‌లో రోజువారీ రేషన్ వెయ్యి కేలరీలకు దిగువకు పడిపోగా, జనం తులిప్ దుంపలు సైతం ఉడకబెట్టుకు తిన్నారు. ఆ కరవులో గర్భం తొలి నెలలు గడిపిన తల్లుల కొడుకుల్లో 19 ఏళ్లనాటికి స్థూలకాయం ఎక్కువగా కనిపించిందని సైనిక వైద్య పరీక్షల రికార్డులు తెలిపాయి.

తెలుగు రాష్ట్రాల్లో నేడు లేమి, స్థూలకాయం పక్కపక్కనే ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఐదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవారు, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేనివారు, తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం కాగా, 15–49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు వరుసగా 30.1, 36.3 శాతం. రేషన్ బియ్యం ఆకలి తీర్చగలదుగానీ, పప్పు, గుడ్డు, పాలు, శుభ్రమైన నీరు, గర్భిణికి విశ్రాంతి చేసే పని చేయలేదు. ఇవి సమకూర్చకుండా పిల్లల పొట్టిదనాన్ని వంశానికి అంటగట్టడం బాధ్యతను తప్పించుకోవడమే అవుతుంది.