ముందు ఆ పాట వినండి
‘మేరే గల్లీ మే’ని ఇప్పటికీ చాలామంది ‘గల్లీ బాయ్’ సినిమా పాటగానే చెప్పుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. జోయా అఖ్తర్ సినిమా వచ్చింది 2019లో. ముంబయి ర్యాపర్లు, అంధేరీ జేబీ నగర్ కుర్రాడు డివైన్, కుర్లా కుర్రాడు నేజీ కలిసి ఈ పాట కట్టింది 2015లో, బీట్ సెజ్ అనే మ్యూజిక్ ప్రొడ్యూసర్‌ది. ఆ గొంతులు రెండూ విడివిడిగా వినండి. డివైన్‌ది బరువైన గొంతు, ఒక్కో మాటనీ నేలకేసి కొట్టినట్టు పలుకుతాడు. నేజీ చురుకు, ఊపిరి తీసుకునే సందైనా ఇవ్వడు. అయినా ఒకరినొకరు తొక్కేసుకోరు, అదే నాకు నచ్చేది. ఖరీదైన కార్లూ, పార్టీలూ హిందీ ర్యాప్‌ని ఏలుతున్న రోజుల్లో వీళ్లు తమ పేటనీ, బంబయ్యా యాసనీ మైకు ముందుకు తెచ్చారు. అంతకు ముందటేడే నేజీ ‘ఆఫత్’ పాటని ఐప్యాడ్‌లోనే రికార్డు చేసి, వీడియో కూడా దాంతోనే తీశాడు. స్టూడియో లేదని ఆగిపోలేదు! సినిమాలో రణ్‌వీర్ సింగ్ బాగానే పాడాడు, కాదనను. కానీ ఆ ఇద్దరి గొంతులో ఉన్న ధీమా సొంత వీధి ఇచ్చింది, రిహార్సల్స్‌తో వచ్చేది కాదు. సినిమా తర్వాత చూడొచ్చు, ముందు 2015 నాటి పాట పెట్టుకోండి.