ముసాఫిర్ హక్, మేస్త్రీ అడ్వాన్స్

విదేశాలకు చదువుకు పోయే మైనారిటీ పిల్లలకు తెలంగాణ సర్కార్ 20 లక్షల రూపాయల దాకా ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తది. 2015లో మొదలైన స్కీం ఇది. దాంతోపాటు ఒకవైపు విమానం చార్జీ కూడా ఉంటది. మంచి స్కీం. గరీబు ఇంటి పిల్ల అమెరికాలోనో బ్రిటన్‌లోనో చదువుకుంటే ఎవరికి ఖుషీ కాదు? దీన్ని నేను మెహర్బానీ అనను, హక్ అంటను.

ఇప్పుడు నా సవాల్ వినండి. కొత్త దేశం పోయేటోళ్లకు విమానం చార్జీ ఇవ్వాలని తెలిసిన హుకూమత్‌కు, మా ఖిల్లా ఘణపూర్ నుంచి ముంబై, పుణె పోయే మజ్దూర్‌కు బస్సు చార్జీ ఇవ్వాలని ఎందుకు తోచదు?

మా ఊరికి కాకతీయుల కాలం నాటి ఖిల్లా ఉంది, దాని కింద గణపసముద్రం చెరువుంది. అంత చెరువున్న ఊరి నుంచీ, చుట్టూ ఉన్న పల్లెలూ తండాల నుంచీ జనం వలస పోయిన్రు, ఇంకా పోతున్నరు. 2016లో మమ్మల్ని మహబూబ్‌నగర్ నుంచి తీసి వనపర్తి జిల్లాలో కలిపిన్రు. జిల్లా పేరు మారింది గానీ, బయట మావాళ్ల పేరు మారలేదు. ఎక్కడికి పోయినా పాలమూరు లేబరే. నాగార్జునసాగర్ కట్టల దగ్గర్నుంచి ముంబై మేడల దాకా ఆ పేరు మీదనే పని నడిచింది.

కొత్త జాగాకు పోయిన మనిషికి మొదటి నెల చాలా ముష్కిల్. ఖోలీకి డిపాజిట్ కట్టాలె. గిన్నెలు, స్టవ్, చాపలు కొనాలె. పిల్లకు బుఖార్ వస్తే ఏ దవాఖానాకు పోవాల్నో తెలువదు, మరాఠీ రాదు. కూలి చేతికి రావాలంటే వారాలు పడ్తది. ఆ నెలలో అతనికి పైసలిచ్చే మనిషి దునియాలో ఒక్కడే: గుంపు మేస్త్రీ. అడ్వాన్స్ ఇస్తడు, బస్సెక్కిస్తడు, ఆ తర్వాత సీజన్ అంతా కూలీలో కోసుకుంటడు. అంటే సర్కార్ ఇమ్దాద్‌గా ఇవ్వాల్సిందాన్ని మేస్త్రీ ఖర్జ్‌గా ఇస్తున్నడు. నా పూరా లడాయి ఈ ఒక్క మాట మీదనే.

"సర్కార్ ఇవ్వాల్సింది" అని నేను జోష్‌లో అనడం లేదు, కానూన్ చూసి అంటున్న. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఒడిశా నుంచి దళారీలు తోలుకుపోయే దాదన్ మజ్దూర్ల జుల్మ్ బయటపడ్డాక పుట్టిన చట్టం. దాని 14వ సెక్షన్ చదివితే హైరానా అయితరు. కూలీని మాట్లాడుకున్నప్పుడే కాంట్రాక్టర్ అతనికి నెల కూలీలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది, చేతిలో పెట్టాలె. దాని పేరు డిస్‌ప్లేస్‌మెంట్ అలవెన్స్, అంటే ఊరు విడిచినందుకు ఇచ్చే భత్యం. దాన్ని వాపస్ అడగొద్దు, కూలీలో కోయొద్దు. 15వ సెక్షన్ ప్రకారం పోను రాను చార్జీలియ్యాలె, ప్రయాణం చేసిన రోజులకు కూలి కట్టియ్యాలె. 16వ సెక్షన్‌లో ఉండే జాగా, ముఫ్త్ వైద్యం ఉన్నయి.

చూసిన్రా? మొదటి నెల ఇమ్దాద్ కాగితం మీద నలభై ఏళ్లకు పైగా ఉంది. ముంబైలో ఏళ్ల తరబడి కాంక్రీట్ మోసి ఊరు చేరిన మా గల్లీ చాచాకు ఈ సెక్షన్ చదివి వినిపించిన. ఆయన నవ్విండు. "ఊరు విడిచినందుకు పైసలిస్తరా బేటా? మా దగ్గర్నే కట్ చేసుకున్నరు" అన్నడు.

ఇంకో మతలబు కూడా ఉంది. ఆ చట్టం రాష్ట్రం దాటినోళ్లకే. ఘణపూర్ నుంచి హైదరాబాద్ పోయి అడ్డా మీద నిలబడే మనిషి దాని లెక్కలో వలస కూలీయే కాదు.

అమలు కాని చట్టాన్ని అమలు చేయిస్తరనుకుంటే, దాన్నే తీసేసిన్రు. 2020లో పార్లమెంట్ పాస్ చేసిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. పాత చట్టం అందులో కలిసిపోయింది. మేస్త్రీ లేకుండా సొంతంగా పోయినోళ్లను కూడా లెక్కలోకి తెచ్చిన్రు, అది మంచిదే. కానీ అయిదుగురు వలస కార్మికులుంటే వర్తించేది ఇప్పుడు పది మందికి పెరిగింది. ఏడాదికోసారి పోను రాను చార్జీ ఉంది గానీ, దానికి కనీస సర్వీస్ షరతు ఉంది. ఊరు విడిచిన రోజు చేతిలో పెట్టాల్సిన భత్యం మాత్రం గాయబ్. ఏ నెలలో జేబు ఖాళీగా ఉంటదో ఆ నెల ఇమ్దాద్‌నే కొట్టేసిన్రు. దీని మీద ఎవరన్నా రాస్తా రోకో చేసిన్రా? మా నియోజకవర్గం లీడర్లు ఒక్క ప్రెస్‌మీట్ అన్నా పెట్టిన్రా?

మిగతా స్కీంల హాల్ కూడా చూడండి. వన్ నేషన్ వన్ రేషన్ కార్డును 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్ర జోడీలో కూడా ప్రయోగంగా మొదలు పెట్టిన్రు. బాగుంది. కానీ ఇక్కడ 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తుంటే, ముంబైలో కార్డు చూపిస్తే వచ్చేది కేంద్రం కోటా అయిదు కిలోలే. బిల్డింగ్ కార్మికుల సంక్షేమ బోర్డు ఉంది. కట్టడం ఖర్చు మీద ఒక శాతం సెస్ వసూల్ చేస్తరు. సభ్యత్వానికి ఏడాదిలో 90 రోజుల పని చూపాలె. బోర్డులేమో ఏ రాష్ట్రానికా రాష్ట్రం. మహారాష్ట్రలో మేడ కట్టినోని పేరు తెలంగాణ బోర్డులో ఉంటే, అతని చెమటకు సెస్ అక్కడ, కార్డు ఇక్కడ. 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ తెచ్చిన్రు, 30 కోట్ల పైన పేర్లెక్కినయి. పేరెక్కించుకున్నోనికి మొదటి నెల ఖర్చు మాత్రం ఇంకా మేస్త్రీయే ఇస్తున్నడు.

అన్నిటికీ అడ్రస్ ప్రూఫ్ కావాలె. వలస పోయినోనికి ఉండనిదే అది. ఎలక్షన్లప్పుడు మాత్రం మావాళ్ల అడ్రస్ ముంబై చాల్‌లల్ల కూడా ఠక్కున దొరుకుతది. బస్సులు మాట్లాడి, ఖానా పెట్టి మరీ ఓటుకు తోలుకొస్తరు.

మన దగ్గరికి వచ్చినోళ్లతో మనం చేసిందీ చెప్పుకోవాలె. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణ సర్కార్ వేరే రాష్ట్రాల కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. కార్డున్న కుటుంబానికేమో 1500. అయినా ఆ ఎలాన్‌లో ఒక సహీ మాట ఉంది: కార్డు ఏ రాష్ట్రానిదని అడగకుండా వచ్చిన మనిషికి ఇవ్వొచ్చని అది సాబిత్ చేసింది. అదే మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు పోయింది. వారం తిరిగేసరికి అదే లింగంపల్లికి బిహార్ నుంచి రైస్ మిల్లు హమాలీలు రైల్లో వచ్చిన్రు. పోయేటోళ్లను ఆపలేకపోయినం, వచ్చేటోళ్లు లేకుంటే మన మిల్లులే నడవవు. ఆఫత్ వచ్చినప్పుడు చేసిన పనిని మామూలు రోజుల్ల ఎందుకు చేయరు?

ఇక్కడ ఇద్దరు లేచి మాట్లాడ్తరు. ఒకరు, "అంతా ముఫ్త్‌ఖోరీ, అమెరికాలో ఇట్ల ఇస్తరా?" అంటరు. అమెరికా కఠినమే. 1996 చట్టం ప్రకారం గ్రీన్‌కార్డ్ వచ్చిన కొత్తవాళ్లలో చాలామందికి మొదటి అయిదేళ్లు ఫెడరల్ సాయం దొరకదు. కెనడా మాత్రం తాను పిలుచుకున్న శరణార్థులకు ఏడాది దాకా నెలనెలా ఖర్చులిస్తది. ఆ లెక్కలన్నీ పరాయి దేశపోళ్లకు. మావాడు పోయింది సొంత దేశంలోకే. వాని వెయిటింగ్ పీరియడ్ మాత్రం తాతల నాటి నుంచి నడుస్తనే ఉంది.

రెండో ఆయన, "పాలమూరుకు నీళ్లొచ్చినయి, వలసలు ఆగినయి" అంటడు. కొన్ని పొలాలకు నీళ్లొచ్చినయి, కొందరు వాపస్ వచ్చిన్రు, నేనూ చూసిన. పొలమే లేనోనికి నీళ్లొస్తే ఏమైతది? వలస ఆగిందని ఎలాన్ చేస్తే ఒక ఫాయిదా ఉంది: లేని మనిషికి బడ్జెట్ పెట్టనక్కర లేదు.

మన ఖౌమ్‌కూ ఒక మాట. మన కేలెండరే హిజ్రత్‌తో మొదలైతది. మక్కా విడిచి ఖాళీ చేతులతో మదీనా చేరిన ముహాజిర్లను ప్రవక్త ముహమ్మద్ (స) అన్సార్లతో భాయిచారా కలిపిన్రు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తనంటే, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దువా ఇచ్చి, బజార్ ఎటో చూపించమన్నరు. కొత్తగా వచ్చిన మనిషి ఖైరాత్ అడగడు, బజార్‌కు తొవ్వ అడుగుతడు. జకాత్‌కు హక్‌దార్లైన ఎనిమిది తరహాల వాళ్లల్ల ముసాఫిర్ ఒకడు. సొంతూర్లో ఇల్లున్నా సరే, దారిలో చేయి ఖాళీ అయితే అతను హక్‌దారే. రంజాన్ల జకాత్ లెక్కేసేటప్పుడు మన గల్లీ నుంచి బస్సెక్కే మనిషి ఎందరికి యాదికొస్తడు? వేరే మజ్‌హబ్ వాళ్లకు సదఖా ఉంది కదా. అయితే జకాత్ ఉందని సర్కార్ తప్పించుకుంటే కుదరదు. అది మన ఫర్జ్, ఇది వాళ్ల ఫర్జ్.

నేను అడిగేవి పెద్దవేం కాదు. ఊరు విడిచేటప్పుడు ఇచ్చే భత్యాన్ని రాష్ట్ర సర్కార్ తన ఖజానా నుంచి తిరిగి తేవాలె, హైదరాబాద్ పోయేటోళ్లకు కూడా ఇవ్వాలె. పంచాయతీ ఆఫీసులో పోయేటోళ్ల పేరు రాసుకుని, చార్జీ, నెల ఖర్చు బ్యాంకులో వేయాలె. ముంబై, పుణెలల్ల తెలుగు, ఉర్దూ వచ్చిన మనుషులతో ఒక దఫ్తర్ తెరవాలె. బిల్డింగ్ కార్మికుని కార్డు ఏ రాష్ట్రానిదైనా పని చేసే చోట చెల్లాలె.

విమానానికి చార్జీ ఇచ్చే చేతికి ముంబై బస్సు టికెట్ బరువు కాదు. ఈసారి ఓట్లకు బస్సు మాట్లాడుకుని వచ్చే లీడర్‌ను మావాళ్లు ఒక్కటే అడగాలె: "అన్నా, తిరిగి పోయేటప్పుడు మా చార్జీ ఏ ఖాతాల రాస్తున్నవు?"