వెనక కూర్చున్నవాడిని అడగండి

మొన్న రాయగడ వెళ్ళి మజ్జిగౌరమ్మని చూసుకుని, చిన్నత్త ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. బావ మళ్ళీ అదే మాట ఎత్తాడు. "ఆ డొక్కు పికప్పు ఇంకా ఏటికిరా? అమ్మీ."

బావ మాట కొట్టిపారేసేది కాదు. కానీ ఈసారి మా బండి వెనకనించి వచ్చిన చప్పుడు కథ పూర్తిగా చెప్పాలనిపించింది. మన ఇళ్ళల్లో చాలామందికి ఇలాంటి బండో, ఆటోనో ఉంది. బండి లేనివాళ్ళకి కూడా ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది.

మా పికప్పు కుందులి సంతలో అల్లం, క్యాబేజీ ఎత్తుకుని, పొట్టంగి మీదుగా సుంకి ఘాటు దిగి సాలూరు చేరుతుంది. తిరుగు ప్రయాణం చాలాసార్లు ఖాళీయే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా కొరాపుట్ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాలోదే. మా ముత్తాత ఆ ఘాటు ఎక్కే ఇటు వచ్చాడు. అంచేత ఆ దారి మాకు తెలుసని మాకో నమ్మకం.

వానాకాలం అయ్యాక చప్పుడు మొదలైంది. లోడుతో దిగేటప్పుడు బండి గమ్మున ఉండేది. ఖాళీగా ఎక్కేటప్పుడు మలుపులో ఫస్టు గేరు వేసి క్లచ్చి వదలగానే వెనకనించి "టంగ్" మనేది. గట్టిగా బ్రేకు వేసినా అదే చప్పుడు. స్టీరింగు కూడా కాస్త ఎడమకి లాగుతోందని నాన్న అన్నారు. రోడ్డు వాటంలే అని నేనే సర్దిచెప్పాను.

తర్వాత అందరూ చేసే పనే మేమూ చేశాం. ఒకరు జాయింటు క్రాసు పోయిందన్నారు, మార్పించాం. ఇంకొకరు షాకబ్జార్బరు బుష్షులన్నారు, అవీ వేయించాం. మూడోసారి బ్రేకు లైనింగులు కొత్తవి పడ్డాయి. ప్రతిసారీ రెండు రోజులు బాగున్నట్టే ఉండేది, మళ్ళీ "టంగ్". ఇక హౌసింగు విప్పి క్రౌను పినియన్ చూడాలన్నారు. అంటే పెద్ద ఖర్చు. ఆ రాత్రి నాన్న కూడా అమ్మేద్దామనే అన్నారు.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న సంగతి. మా దగ్గర సరుకు ఎత్తే కుర్రాడొకడు ఉన్నాడు, పొట్టంగి పక్క పల్లెవాడు. వాడికి తెలుగు అంతంతమాత్రం. ఖాళీ బండిలో వెనక డాలాలో కూర్చుని వచ్చేది వాడే. చక్రాలకి పట్టిన బురద కడిగేదీ వాడే. మొదటి వారంలోనే ఒకరోజు బండి కదులుతుంటే వెనకనించి అరిచాడు, "చక ఆగకు ఆసిచి" అని. ఒరియాలో ఆ మాటకి చక్రం ముందుకి వచ్చిందని అర్థం. ఇంజను మోతలో నాన్న చెవిన పడింది ఒక్క "ఆగకు" మాత్రమే. వాడు ఆగొద్దంటున్నాడనుకుని, "ఆగన్లేరా" అని నవ్వుతూ యాక్సిలేటరు తొక్కారు.

తొంభై ఏళ్ళకి పైగా ఒరియా మధ్య బతుకుతున్న ఇల్లు మాది. అయినా ఆ మాట అందలేదు. సరే, ఇంజను మోత అనుకుందాం. మరి బండి ఆగాక ఏమన్నావురా అని ఎవరూ ఎందుకు అడగలేదు? వాడికి బండి గురించి ఏం తెలుస్తుందిలే అనుకున్నాం, అంతే. ఆ తర్వాత మూడు వారాలు నిండు లోడుతో ఆ ఘాటు దిగాం, వాణ్ణి కూడా ఎక్కించుకుని.

సాలూరు అంటేనే లారీల ఊరు. చివరికి అక్కడ ఒక ముసలి మేస్త్రీ దగ్గర బండి పెట్టాం. ఆయన పానా ముట్టుకోలేదు. "చప్పుడు ఎప్పుడొస్తాది? లోడు మీదా, ఖాళీగానా? వెనకాల కూకున్నోడెవడు?" అని అడిగాడు. కుర్రాడు ముందుకొచ్చి ఎడమ వెనక చక్రం చూపించాడు, మడ్‌గార్డుకి మధ్యలో లేదని. మేస్త్రీ ఒక తాడు తీసి ముందు చక్రం నడిమినించి వెనక చక్రం నడిమికి కొలిచాడు. కుడివైపుకన్నా ఎడమవైపు బొటనవేలి మందం తక్కువ.

ఎడమవైపు కమాను కట్టకి యూ బోల్టులు వదులయ్యాయి. సెంటరు బోల్టు తెగిపోయింది. యాక్సిలుని కమాను మీద కదలకుండా పట్టి ఉంచేవి అవే. లోడు ఉంటే బరువుకి అదిమి ఉంటుంది, అందుకే చప్పుడు లేదు. ఖాళీగా ఉన్నప్పుడు క్లచ్చి వదిలినా బ్రేకు నొక్కినా యాక్సిలు జరిగి కొట్టుకుంటుంది. అది ఘాటు మలుపులో ఇంకాస్త జరిగి ఉంటే ఏమయ్యేదో రాయడానికి చెయ్యి రావడం లేదు.

తప్పు ఎవరిదో కూడా తేలింది. కిందటేడు కమాన్లు కొత్తవి వేసిన మనిషి, ఒకట్రెండు లోడ్లు తిరిగాక వచ్చి యూ బోల్టులు మళ్ళీ బిగించుకోమన్నాడు. మేమే వెళ్ళలేదు.

అందుకే నా మాట ఇది. చప్పుడు వస్తే సామాను కొనే ముందు, అది ఎప్పుడు వస్తోందో రాసుకోండి. వేగాన్ని బట్టి గుయ్యిమంటూ, యాక్సిలేటరు వదలగానే స్వరం మారితే క్రౌను పినియన్ని అనుమానించవచ్చు. మలుపు తిరిగేటప్పుడు మోత పెరిగితే వీలు బేరింగు చూపించండి. రోడ్డు మారగానే మోత మారితే టైర్లు కావచ్చు. గుంతల్లో మాత్రమే కిర్రుమంటే బుష్షులు, కమాను పట్టీలు. కదిలేటప్పుడు ఒక్క దెబ్బగా కొడితే క్రాసూ, యూ బోల్టులూ రెండూ చూడాలి. తాడుతో కొలవడానికి పైసా ఖర్చు లేదు.

రెండోది, వెనక కూర్చున్నవాడిని అడగండి. వాడి భాషలోనే అడగండి. పరాయి నేల మీద మన తెలుగు నిలబెట్టుకోవాలని ఇదే చోట ఎన్నోసార్లు రాశాను. అది నిజమే. కానీ మనకి అన్నం పెట్టిన ఊళ్ళో, మన బండి మీద మనతో పాటు ప్రాణం పెట్టుకుని తిరిగేవాడి మాట వినకపోతే, మనం నిలబెట్టుకున్నది తెలుగు కాదు, అహంకారం.

బావా, బండి అమ్మం. కొత్తది కొన్నా వెనక ఏం జరుగుతోందో ముందు సీట్లోవాడికి కనబడదు కదా. ఇప్పుడు మా ఇంట్లో ఒకటే రూలు. వెనకనించి "ఆగకు" అని వినబడితే, ముందు బండి ఆపుతాం.